డాబా మీద 3 కిలోవాట్ల సోలార్: ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాక

సొంతిల్లు ఉండి, డాబా మీద పొద్దంతా ఎండ పడుతుంటే సోలార్ పెట్టించుకోండి. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చాలామంది రివ్యూ చివరిదాకా చదవరు. మా ఇల్లు హైదరాబాద్ కాప్రాలో, గ్రౌండ్ ప్లస్ వన్. 2025 ఫిబ్రవరిలో మా ఏరియాలోనే చిన్న ఆఫీసు నడిపే ఒక వెండర్‌తో 3 కిలోవాట్ల సిస్టమ్ పెట్టించాం. బిగించిన పనితనానికి ఐదుకు ఐదు ఇస్తాను. ఆ తర్వాతి సర్వీసుకు మూడు.

నేను సింగరేణిలో ఎక్స్‌ప్లొరేషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. భూమిలో బొగ్గు ఎంత లోతున ఉందో చూడడమే నా ఉద్యోగం. బొగ్గు తిండి తిన్నవాడివి, నీకు సోలార్ ఎందుకని చుట్టాలూ, పాత దోస్తులూ అడుగుతూనే ఉన్నారు. బొగ్గు కాల్చడం వల్లే భూమి వేడెక్కుతోంది కాబట్టి పెట్టించానన్నదే నా జవాబు. అదెలాగో కూడా ఇక్కడే రాస్తున్నాను. అందుకని కాస్త పొడుగవుతుంది.

ముందు డబ్బు సంగతి. పీఎం సూర్య ఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేలు సబ్సిడీ. అంతకంటే పెద్ద సిస్టమ్ పెట్టినా అదే 78 వేలు. సబ్సిడీ రావాలంటే ప్యానెళ్లతో పాటు వాటిలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే ఉండాలి. కొటేషన్‌లో డీసీఆర్ ప్యానెల్ అని రాసి ఉందో లేదో చూసుకోండి, అది లేని కొటేషన్ చవగ్గానే కనిపిస్తుంది. మాకు రెండు లక్షల పైన అయింది, సబ్సిడీ నేరుగా బ్యాంకు ఖాతాలో పడింది. కరెంటు మీటర్ ఇంట్లో పెద్దాయన పేరు మీదో, ఇల్లు అమ్మినవాళ్ల పేరు మీదో ఉంటే ముందు అది మార్పించుకోండి. దరఖాస్తులు ఎక్కువగా ఆగేది అక్కడే.

రెండు లక్షలు దాటడానికి కారణం స్ట్రక్చర్. డాబా మీద ఎండబెట్టే వడియాలకూ మిరపకాయలకూ చోటు పోకూడదని మా ఆవిడ పట్టుబట్టింది. అందుకని ప్యానెళ్లను ఎనిమిదడుగుల ఎత్తులో పెట్టించాం. స్లాబ్‌కు ఎక్కడా డ్రిల్ వేయలేదు. సిమెంటు దిమ్మెలు పోసి వాటిలో బోల్టులు దింపారు, కాబట్టి వానాకాలంలో ఒక్క చుక్క కూడా కారలేదు. బిగించడానికి వచ్చిన అబ్బాయిది నల్గొండ దగ్గరి ఊరు. అతని పని నేను పక్కనే నిలబడి చూశాను. జీఐ పైపు (జింక్ పూత ఉన్న ఇనుప పైపు) కోసిన ప్రతి చోటా చివరను గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, జింక్ స్ప్రే కొట్టాడు. తుప్పు మొదలయ్యేది ఆ కోసిన అంచు దగ్గరే. చాలాచోట్ల అక్కడ సిల్వర్ పెయింట్ పూసి వదిలేస్తారు, రెండు వానలకు ఎర్రబడుతుంది. మా స్ట్రక్చర్ మీద ఇప్పటికీ ఎర్ర మచ్చ లేదు. ఎర్తింగ్ కూడా ప్యానెళ్ల వైపు డీసీ కరెంటుకు, ఇంటి వైపు ఏసీ కరెంటుకు, పిడుగు కడ్డీకి వేర్వేరుగా మూడు గుంతలు తీసి వేశాడు. ఒకే గుంతలో మూడూ కలిపేస్తామంటే ఒప్పుకోవద్దు.

ఇక ఉత్పత్తి. ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ వస్తుందని చాలామంది అనుకుంటారు. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి దానికి పడదు. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. అది దాటిన ప్రతి డిగ్రీకీ దాదాపు 0.35 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్లు 60 డిగ్రీలు దాటుతుంది, అంటే పదో వంతుకు పైగా అక్కడే పోతుంది. మా దగ్గర బాగా వచ్చింది ఫిబ్రవరి చివర, మార్చిలో. రోజుకు 14 యూనిట్లు దాటిన రోజులున్నాయి. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు ఐదారుకు పడిపోయింది. ఏడాది మొత్తం మీద సగటున 12 యూనిట్ల దగ్గర ఉంటుంది. బిల్లు చాలా నెలలు కనీస చార్జీలకు దిగింది. ఇంకో లాభం, ప్యానెళ్ల నీడ పడి పై గదిలో సీలింగ్ వేడి తగ్గింది. ఏసీ వేసే టైము వెనక్కి జరిగింది.

కడగడానికి బోరు నీళ్లు వాడకండి. మన దగ్గర బోరు నీళ్లలో ఉప్పెక్కువ, ఆరాక అద్దం మీద తెల్లటి పొర కడుతుంది. నల్లా నీళ్లతో, పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు తుడవాలి. సంక్రాంతికి గాలిపటాల మాంజా వచ్చి చిక్కుకుంటుంది, లాగొద్దు, కత్తిరించండి.

అందరూ వాకబు చేయాల్సిన సంగతి ఇంకోటుంది. బ్యాటరీ లేని సిస్టమ్‌లో లైన్ కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. నడిమధ్యాహ్నం ఎండలో కూడా అంతే. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు మన ఇంటి నుంచి కరెంటు వెళ్లి షాక్ కొట్టకుండా సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) తనంతట తానే ఆపుకుంటుంది. ఇది లోపం కాదు, ఉండాల్సిన రక్షణ. కానీ కొనే ముందు ఈ మాట చెప్పే సేల్స్ మనుషులు తక్కువ. మా వెండర్ చెప్పాడు, అందుకు మెచ్చుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మా బావ సింగరేణిలోనే ఓవర్‌మన్‌గా (గనిలో పనిని అజమాయిషీ చేసే ఉద్యోగం) చేశాడు, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాడు. ప్యానెళ్లు చూడడానికి వచ్చి, భూమి వేడెక్కడం మన వల్ల కాదంటూ ఇలా అన్నాడు: “బావా, 1966ల హైదరాబాద్‌ల ఎండ 45 దాటింది. 1908ల మూసీ పొంగి ఊరే కొట్టుకపోయింది. గప్పుడు గిన్ని కార్లున్నయా, ఏసీలున్నయా? భూమి ఎప్పుడూ మారుతనే ఉంటది. నువ్వు డాబా మీద అద్దాలు పరిస్తే ఆగుతదా?”

భూమి మారుతూనే ఉంటుందన్న మాట నిజం. నాకంటే ఎక్కువగా అది నమ్మేవాళ్లు ఉండరు, ఎందుకంటే నేను చేత్తో పట్టుకుని చూశాను. గోదావరి లోయలో మన బొగ్గు పొరల అడుగున తాల్చేర్ అనే రాతి వరస ఉంటుంది. బోరు వేస్తూ పోయినప్పుడు ఆకుపచ్చ ఛాయ ఉన్న ఆ రాయి తగిలితే ఇక కింద బొగ్గు లేదని అర్థం, డ్రిల్లింగ్ ఆపేసేవాళ్లం. ఆ కోర్‌ను (బోరులోంచి బయటికి తీసిన రాతి కడ్డీని) పెట్టెలో పేర్చి నీళ్లు చల్లి చూస్తే, మెత్తటి మట్టిరాయిలో గోలీకాయంత రాయి, పక్కనే పిడికిలంత రాయి, ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఇరుక్కుని ఉంటాయి. ఏటి నీళ్లు తెచ్చినవైతే సైజుల వారీగా విడిపోయేవి. ఇవి మంచు మోసుకొచ్చి పడేసిన రాళ్లు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట ఈ నేల దక్షిణ ధ్రువం వైపున ఉండేది, గోదావరిఖని ఉన్న చోట హిమానీనదాలుండేవి. ఆ మంచు పోయాక చిత్తడి అడవులు పెరిగాయి. గ్లోసోప్టెరిస్ అనే ఆ చెట్ల ఆకులు బొగ్గు పక్కనున్న షేల్ అనే పొరల రాయిలో నడిమి ఈనెతో సహా అచ్చుపడి ఉంటాయి. ఆ అడవే మనం తవ్విన బొగ్గు.

కాబట్టి సహజ కారణాలు లేవని ఎవరూ అనరు. భూమి కక్ష్య, వంపు మెల్లగా మారుతూ మంచు యుగాలను తెస్తాయి, తీసుకుపోతాయి, కాకపోతే దానికి పదుల వేల ఏళ్ల లెక్క. అగ్నిపర్వతాలున్నాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలితే ఒకటి రెండేళ్లు ప్రపంచ సగటు అర డిగ్రీ దాకా తగ్గింది. పసిఫిక్ సముద్రం కొన్నేళ్లకోసారి వేడెక్కే ఎల్ నినో 2023లో వచ్చి ఎండలు ఇంకా పెంచింది. ఇప్పుడు భూమి వేడెక్కడానికి వీటిలో ఏది కారణమో ఒక్కోదాన్నీ పట్టి చూడాలి.

సూర్యుణ్ని 1978 నుంచి ఉపగ్రహాలతో కొలుస్తున్నారు. పదకొండేళ్లకోసారి కాస్త పెరిగి తగ్గడమే తప్ప, పెరుగుతూ పోవడం లేదు. పైగా సూర్యుడి వల్లే అయితే గాలి పొరలన్నీ వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతుంటే పైనున్న స్ట్రాటోస్పియర్ చల్లబడుతోంది. వేడి కిందే చిక్కుకుపోతోందనడానికి అంతకంటే గుర్తు ఏం కావాలి? అగ్నిపర్వతాలు ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ మనం వదిలేదాంట్లో నూరో వంతు కూడా ఉండదు. ఎల్ నినో సముద్రంలోని వేడిని గాలిలోకి తెస్తుంది, తర్వాత వెనక్కి పోతుంది. పదుల ఏళ్లుగా గాలీ సముద్రమూ రెండూ వేడెక్కడానికి అది కారణం కాలేదు.

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం కార్బన్-14 అనే ఒక రకం కార్బన్. బతికి ఉన్న చెట్టులో, మనిషిలో అది కొద్దిగా ఉంటుంది. చచ్చాక 5,730 ఏళ్లకు సగమవుతూ తరుగుతుంది. కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో అది అసలుండదు. గాలిలోని కార్బన్‌లో ఆ కార్బన్-14 వాటా పలచబడుతోందని 1950లలోనే గుర్తించారు. అంటే గాలిలో కలుస్తున్న కొత్త కార్బన్ పాత భూగర్భానిది. హవాయిలోని మౌనా లోవాలో గాలిని కొలవడం మొదలుపెట్టింది 1958లో, నేను పుట్టిన ఏడాది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ పది లక్షల్లో 315 పాళ్లు, ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచు కోర్‌లలో 8 లక్షల ఏళ్ల గాలి బుడగలున్నాయి, వాటిలో ఎక్కడా 300ను మించి పెద్దగా పోలేదు. మంచు యుగం నుంచి బయటపడేటప్పుడు వేల ఏళ్లలో పెరిగినంత, నా ఒక్క జీవితంలో పెరిగింది. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం 19వ శతాబ్దం రెండో సగంతో పోలిస్తే మనుషుల వల్ల పెరిగింది 1.07 డిగ్రీలు. సూర్యుడూ అగ్నిపర్వతాలూ కలిపి తెచ్చిన తేడా ఇటో అటో 0.1 డిగ్రీ లోపే.

బావ చెప్పిన 1966 ఎండ ఒక్క రోజుది. శీతోష్ణస్థితి (క్లైమేట్) అంటే ముప్పై ఏళ్ల సగటు. 1908 మూసీ వరద గురించి మాత్రం నేనే అతనికి గుర్తుచేశాను. ఆ వరద తర్వాత నిజాం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు, 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అది ప్రకృతి పని, మనదేముందని ఎవరూ వదిలేయలేదు. వాన మన చేతిలో లేకపోయినా అంత పని చేశారు. ఈసారి కారణమే మన చేతిలో ఉంది.

బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన మనసులో ఉన్నది బయటపెట్టాడు: “బొగ్గు బంద్ జేస్తే మనోళ్ల పోరలు ఏం బతుకుతరు?” ఆ భయం నాకూ ఉంది. గోదావరిఖని, మంచిర్యాల, ఇల్లెందు, కొత్తగూడెం బతికింది బాయిల (బొగ్గు గనుల) మీదే. అందుకే సింగరేణి స్వయంగా సోలార్ ప్లాంట్లు పెట్టడం చూస్తే నాకు ఊరటగా ఉంటుంది. ఆ పనులు బయటి కాంట్రాక్టర్లకు పోకుండా బాయి పిల్లలకు దక్కాలి. డాబాల మీద ఎక్కే కుర్రాళ్లలో ఐటీఐ చదివిన మన పిల్లలు ఎక్కువమంది ఉండాలి.

మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మా ఏడాది యూనిట్లు నాలుగు వేల పైచిలుకు, అంటే మూడు టన్నుల దగ్గర. బొగ్గు లెక్కలో రెండున్నర టన్నులకు పైనే. రాత్రి ఏసీ ఇప్పటికీ థర్మల్ కరెంటు మీదే నడుస్తుంది, దాన్ని దాచను. అయినా ఆ రెండున్నర టన్నులు కాలకుండా భూమిలోనే ఉండడం నాకు చాలా ముఖ్యం.

చివరగా సర్వీసుకు ఎందుకు మార్కులు తగ్గించానో. ప్యానెళ్ల కింద వైర్లకు కట్టిన తెల్ల ప్లాస్టిక్ టైలు మొదటి ఎండాకాలానికే పెళుసై విరిగాయి, వైర్లు వేలాడాయి. ఎండకు తట్టుకునే నల్ల టైలు వేయమని ఎన్నిసార్లు ఫోన్ చేసినా రేపు, ఎల్లుండి అన్నారు. చివరికి నేనే కొనుక్కొచ్చి కట్టించాను. ఇంట్లో వైఫై మార్చాక యాప్‌లో రీడింగ్ రావడం ఆగిపోయింది, అది సరిచేయడానికీ వారాలు పట్టింది. మీరు పెట్టించేటప్పుడు మిగిలిన చివరి వాయిదా నెట్ మీటర్ (లైన్‌కు పంపిన కరెంటు, లైన్ నుంచి వాడుకున్నది రెండూ కొలిచే మీటర్) బిగించి, యాప్ పనిచేసి, టైలు నల్లవి వేశాకే ఇస్తామని కొటేషన్ మీదే రాయించుకోండి. ఐదేళ్ల మెయింటెనెన్స్‌లో ఏడాదికి ఎన్నిసార్లు వస్తారో, ఎన్ని రోజుల్లో వస్తారో కూడా అదే కాగితం మీద ఉండాలి.