బొగ్గు రేవును ఆపాలంటే ఏది మేలు: ఒప్పంద హక్కా, నీటి చట్టమా?

అమెరికా వాయవ్య తీరంలో వాషింగ్టన్ రాష్ట్రానికి బొగ్గు రేవుల ప్రతిపాదనలు చాలానే వచ్చాయి. మోంటానా, వయోమింగ్ గనుల బొగ్గును రైళ్లలో తీరానికి తెచ్చి, ఓడలకెక్కించి ఆసియాకు అమ్మాలన్నది ఆలోచన. వీటిలో రెండు పెద్దవి. మొదటిది చెర్రీ పాయింట్: ఏటా 4.8 కోట్ల టన్నుల బొగ్గు, పూర్తిస్థాయిలో నడిస్తే 487 ఓడలు. రెండోది కొలంబియా నది మీద లాంగ్‌వ్యూ: 4.4 కోట్ల టన్నులు. రెండూ ఆగిపోయాయి, కానీ ఒకే కారణంతో కాదు. చేపల మీద బతికే ఆదివాసులు ఇలాంటి రేవును ఎదుర్కోవాలంటే ముందుగా దేన్ని పట్టుకోవాలో ఈ రెండు కేసులూ చెబుతాయి.

చెర్రీ పాయింట్ లమ్మీ అనే ఆదివాసీ తెగ పూర్వీకుల ఊరు. ఇప్పటికీ అక్కడ సాల్మన్ వలలు వేస్తారు, పీతల బోన్లు దించుతారు. 1855లో పాయింట్ ఎలియట్ ఒప్పందంలో భూమి చాలావరకు అమెరికాకు వదులుకున్నా, అలవాటుగా చేపలు పట్టే చోట్ల ఆ హక్కును మాత్రం దగ్గరే ఉంచుకున్నారు. ఆ కాగితానికి పదును 1974లో వచ్చింది. జడ్జి జార్జ్ బోల్ట్ పట్టదగిన చేపల్లో సగం దాకా ఒప్పంద తెగల వాటా అని తీర్పిచ్చారు, 1979లో సుప్రీంకోర్టు దాన్ని ప్రధానంగా సమర్థించింది.

రేవు కంపెనీ ఎన్ని రాయితీలు చెప్పినా లమ్మీలు ఒప్పుకోలేదు. 2012 సెప్టెంబరులో అదే తీరంలో పది లక్షల డాలర్ల నమూనా చెక్కును తగలబెట్టి తమ జవాబు చెప్పారు. హక్కు ఎంత గట్టిదైనా దాన్ని అమ్ముకునే అధికారం కూడా ఆ తెగకే ఉంటుంది, కాబట్టి ఆ రోజు చెప్పిన ‘వద్దు’ మాటే అసలు బలం అని నేననుకుంటాను. 2015 జనవరిలో వాళ్లు అనుమతి నిరాకరించమని, ఇలాంటి రేవులకు అనుమతులిచ్చే ఫెడరల్ సంస్థ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్‌కు లేఖ రాశారు. 2016 మే 9న కోర్ నిరాకరించింది. కోర్ పాటించే నియమం ప్రకారం, ఒప్పందం ఇచ్చిన చేపల వేట హక్కుకు కలిగే నష్టం కొట్టిపారేసేంత చిన్నది కాదని తేలితే చాలు, అనుమతి ఇవ్వకూడదు. పర్యావరణ ప్రభావ నివేదిక పూర్తి కాకముందే విషయం తేలిపోయింది. వేల పేజీల నివేదికలో ఏ నష్టం ఎంత అని సంవత్సరాల తరబడి వాదించాల్సిన పని తప్పింది.

లాంగ్‌వ్యూ కథ వేరు. అక్కడ 2017 సెప్టెంబరులో రాష్ట్ర పర్యావరణ శాఖ, ఫెడరల్ స్వచ్ఛ జలాల చట్టం 401వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన నీటి నాణ్యత ధ్రువపత్రాన్ని నిరాకరించింది. అది లేకుండా ఫెడరల్ అనుమతి రాదు. తప్పించలేని తీవ్ర నష్టాలు తొమ్మిది రకాలు చూపించింది, వాటిలో ఆదివాసుల వనరులూ ఉన్నాయి. ఈ దారిలో లాభం ఏంటంటే, ఒప్పందం లేని వాళ్లకూ ఇది అందుతుంది. రైలు శబ్దం, గాలి, నది అన్నీ ఒకే కాగితంలోకి వస్తాయి. కానీ దీని ఆయుష్షు ప్రభుత్వాల చేతిలో ఉంటుంది. 2020లో ఫెడరల్ ప్రభుత్వం ఈ సెక్షన్ కింద రాష్ట్రాలు చూపగల కారణాలను కుదించింది, 2023లో మళ్లీ విస్తరించింది. పైగా మోంటానా, వయోమింగ్ రాష్ట్రాలు వాషింగ్టన్ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2021 జూన్‌లో కోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించేదాకా టెన్షన్ తప్పలేదు.

ఇక సముద్రం సంగతి. ఆ గనుల బొగ్గు ఒక టన్ను కాలితే టన్నున్నరకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మనుషులు వదిలే దానిలో దాదాపు పావు వంతును సముద్రం పీల్చుకుంటుంది, దాంతో నీటి ఆమ్లత పెరుగుతుంది. ఈ తీరంలో ఇది లెక్కల్లో మాత్రమే ఉన్న ముప్పు కాదు. 2000ల చివర్లో వాషింగ్టన్, ఆరెగాన్ హేచరీల్లో (పిల్లలను పొదిగించి పెంచే కేంద్రాల్లో) ఆల్చిప్పల పిల్లలు గవ్వ కట్టుకోలేక పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. చెర్రీ పాయింట్ హెర్రింగ్ చేప 1970ల నాటితో పోలిస్తే ఇప్పటికే 90 శాతానికి పైగా తగ్గిపోయింది. ఆ తగ్గుదలకు కారణాలు ఇంకా చర్చలోనే ఉన్నా, అంత బలహీనమైన మంద గుడ్లు పెట్టే సముద్రపు గడ్డి మీద భారీ ఓడల రేవు నీడ పడటం ఎవరికీ అక్కర్లేని జూదం.

అయినా వాతావరణ నష్టం అన్న ఒక్క మాటతో రేవును ఆపడం కష్టం. ‘మా బొగ్గు లేకపోతే ఇంకెక్కడి బొగ్గో కాలుస్తారు’ అని కంపెనీలు ఎప్పుడూ వాదిస్తాయి. నాకు ఒప్పుదల లేని వాదన అది, కానీ అనుమతుల బల్ల మీద పనిచేస్తుంది. వల పడే చోటు ఇదీ, ఓడ దారి ఇదీ అని చూపిస్తే అలాంటి తప్పించుకోలు ఉండదు.

ఒప్పంద హక్కుకూ హద్దు ఉంది. అది తన నీళ్లనే కాపాడుతుంది. చెర్రీ పాయింట్‌కు ఉత్తరాన, సరిహద్దు దాటితే కెనడాలోని వెస్ట్‌షోర్ రేవు నుంచి అమెరికా బొగ్గు ఓడలెక్కుతోంది, ఆ ఓడలు తిరిగేది కూడా చెర్రీ పాయింట్ ఉన్న సేలిష్ సముద్రంలోనే. ఇంకోటి, ఆదివాసులందరి మాటా ఒకటి కాదు. మోంటానాలోని క్రో తెగకు అప్పట్లో బొగ్గే ప్రధాన ఆదాయం. వాళ్లు ఎగుమతిని కోరుకున్నారు, అందుకు 2013లో గనుల కంపెనీతో ఒప్పందమూ చేసుకున్నారు. వాళ్ల పేదరికానికి జవాబు చెప్పకుండా తీరం వాళ్ల గెలుపు గురించి మాట్లాడటం న్యాయం కాదు.

నన్నడిగితే ఒప్పంద హక్కు ఉన్నవాళ్లు దాన్నే మొదట వాడాలి, నీటి చట్టాన్ని రెండో గోడగా పెట్టుకోవాలి. ఒప్పందం లేని ఊళ్లకు నీటి చట్టమే మొదటి దారి, కానీ దాని మీదే ఆధారపడి కూర్చోకూడదు. ఈ రెండింటి తర్వాత ఎక్కువమంది పట్టించుకోనిది స్థానిక భూవినియోగ నియమాలు. 2021 జులైలో స్థానిక ప్రభుత్వమైన వాట్‌కమ్ కౌంటీ చెర్రీ పాయింట్‌లో కొత్త శిలాజ ఇంధన ఎగుమతి కేంద్రాలను నిషేధించింది. దాంతో ఇంకో కంపెనీ ఇంకో పేరుతో వచ్చినా లమ్మీ జాలర్లు ఒంటరిగా మొదటి నుంచి పోరాడాల్సిన అవసరం తగ్గింది.