నడుము నొప్పికి సైకాలజిస్ట్: రెండేళ్ల తర్వాత నా అభిప్రాయం

నడుము నొప్పికి సైకాలజిస్ట్‌ను కలవమని ఎముకల డాక్టరు గారు రాసిచ్చిన రోజు మా ఇంట్లో మొదట వినిపించిన మాట “ఎర్రగడ్డకా?” అన్నదే. మానసిక వైద్యశాల ఉన్న చోటు కనుక, హైదరాబాదులో ఆ పేరుకు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. నాలుగేళ్లుగా పడుతున్న బాధంతా నా ఊహేనని ఆయన తేల్చేసినట్టు నాకూ కష్టంగానే తోచింది.

ఆ అపోహ మొదటి గంటలోనే పోయింది. కాళ్లలో బలం తగ్గడం, మూత్రం మీద అదుపు తప్పడం వంటి ప్రమాద లక్షణాలేవీ లేవని డాక్టరు రాసిన చీటీ చూశాకే సైకాలజిస్ట్ గారు మాట మొదలుపెట్టారు. డిస్క్ ఉబ్బిందన్న ఎంఆర్ఐ వాక్యాన్ని నేను శిక్షలా మోస్తున్నానని గమనించి, నొప్పే లేని ఇరవై ఏళ్లవారిలోనూ దాదాపు 30 శాతం మందికి అలాంటి ఉబ్బు కనిపించినట్టు 2015లో వెలువడిన ఒక పరిశోధనా సమీక్షను వివరించారు. నొప్పి నిజమేనని, కాకపోతే ఏళ్ల తరబడి సాగిన నొప్పిలో నాడీవ్యవస్థ అతిజాగ్రత్తకూ, నా భయానికీ వాటా ఉండవచ్చని చెప్పారు.

ఇది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. వారానికొకటి చొప్పున 10 సెషన్లు, ఒక్కోదానికి 1,500 రూపాయలు. ఓపీ ఖర్చు కనుక నా బీమా పాలసీ పైసా ఇవ్వలేదు. నొప్పి తగ్గిన ఆదివారం ఇల్లంతా దులిపి, మరో రెండు రోజులు మంచమెక్కడం నా అలవాటు. దానికి బదులు నొప్పి ఉన్నా లేకున్నా గడియారం చూసుకుని 12 నిమిషాలు నడవడం, వారానికి రెండేసి నిమిషాలు పెంచడం నేర్పారు. వంగితే నడుము విరుగుతుందన్న భయాన్ని పావు బకెట్టు నీళ్లు ఎత్తడంతో మొదలుపెట్టి పరీక్షించాం. నాలుగో నెలలో అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో నడుము పట్టీ లేకుండా నిలబడి వెళ్లాను (ఆ రద్దీలో సీటు ఎలాగూ దొరకదు).

లోపమల్లా ఇంటికిచ్చే పత్రాలన్నీ ఇంగ్లిషులో ఉండటమే. సలుపు, పోటు, గుంజుడు, పట్టేయడం వేర్వేరని తెలిసిన మనిషి వాటన్నిటినీ ఒకే గడిలో ఎలా నింపాలి? నాలుగో సెషన్ నుంచి తెలుగులోనే రాశాను. విశ్రాంతి కోసమిచ్చిన ఆడియో మాత్రం నిద్రపుచ్చడం తప్ప మరేమీ చేయలేదు.

పదికి ఏడుగా ఉండే నొప్పి ఇప్పుడు అయిదు. మాత్రలు నెలకు రెండు మూడుసార్లే. పోయిన చలికాలంలో మళ్లీ తిరగబెట్టినప్పుడు ఇంకో ఎంఆర్ఐకి పరుగెత్తలేదు. మూడో రోజున 12 నిమిషాల నడకతో మళ్లీ మొదలుపెట్టాను.