తిరుపతిలో స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్: ‘అప్’ పాఠం బాగుంది, మెటీరియల్ దిద్దాలి

తిరుమల కొండ ఎక్కే అప్ ఘాట్ రోడ్డు, దిగే డౌన్ ఘాట్ రోడ్డు తెలిసిన ఊళ్లో ‘అప్’ అంటే పైకి అని ఎవరైనా చెప్తారు. బాలాజీ కాలనీ వైపున్న ఈ సెంటర్ అక్కడితో ఆగదు, మెచ్చుకోవాల్సింది అదే. ‘ఈట్ అప్’లో పైకి వెళ్లేదేమీ లేదు, మొత్తం తినేయడమే. మన ‘తిను’ కాస్తా ‘తినేయ్’ అయినట్టు. ‘యూజ్ అప్’ అంటే వాడేయడం, ‘టైమ్ ఈజ్ అప్’ అంటే గడువు అయిపోయింది. ఈ పోలికతోనే సగం చిక్కు విడిపోతుంది.

ఎక్కువమంది తడబడేది పదాల వరసలో. ‘పిక్ అప్ ద బ్యాగ్’, ‘పిక్ ద బ్యాగ్ అప్’ రెండూ సరే. సర్వనామం వస్తే మాత్రం ‘పిక్ ఇట్ అప్’ ఒక్కటే ఒప్పు. దీనికి ఇంకో గంట సాధన పెడితే బాగుండేది.

మెటీరియల్‌లో ‘కోప్ అప్ విత్’ అని అచ్చయింది. ‘కీప్ అప్ విత్’ (వెనకబడకుండా సాగడం)తో కలిసిపోయి వచ్చే పొరపాటిది, తట్టుకోవడం అనడానికి ‘కోప్ విత్’ చాలు.