నేల పరుచుకునే మొక్కలకు చలికాలంలో పైన ఏం కప్పితే మేలు?

వింకా, ఐవీ, పాకిసాండ్రా లాంటి ఏడాదంతా పచ్చగా ఉండే మొక్కలు ఎండిపోతే చలికి చచ్చాయనుకుంటాం. చాలాసార్లు అవి పోయేది దాహంతో. నేల గడ్డకట్టాక వేళ్లకు నీరందదు, పైన ఎండా గాలీ మాత్రం ఆకుల్లోని తేమను లాగేస్తూనే ఉంటాయి. ఆకు అంచు ముందు గోధుమ రంగుకు తిరిగి, ఆ ఎండు లోపలికి పాకుతుంటే అనుమానించాల్సింది దీన్నే. అందుకే నేల గట్టిపడకముందే లోతుగా తడపాలి. అది చేయకపోతే ఏం కప్పినా దండగే.

ఇక కప్పడానికి అందరికీ ముందు గుర్తొచ్చేది ప్లాస్టిక్ షీట్. వద్దు. పగటి ఎండకు లోపల ఉడుకెత్తిపోతుంది, రాత్రికి మళ్లీ చల్లబడుతుంది. రాలిన ఆకులైతే ఖర్చు లేదు కానీ, వెడల్పాటి ఆకులు తడిసి చాపలా అతుక్కుంటాయి. కింద గాలాడక పాకిసాండ్రాకు తెగులు పట్టుకుంటుంది. ఎండుగడ్డి అంతకంటే నయం, పల్చగా పరిచినంతవరకూ.

నా ఓటు మాత్రం పైన్ కొమ్మలకే. సూదుల్లాంటి ఆకుల సందుల్లోంచి గాలి ఆడుతుంది, ఎండ నేరుగా తగలదు, కురిసిన మంచు కొమ్మల్లో చిక్కుకుని అక్కడే నిలుస్తుంది. మంచును మించిన దుప్పటి ఇంకోటి లేదు, పైసా ఖర్చు లేదు, కాకపోతే మనం పిలిస్తే రాదు! కొమ్మలు నేల గడ్డకట్టాకే వేయాలి. మనం ఆపాల్సింది చలిని కాదు, నేల గడ్డకడుతూ కరుగుతూ ఉండటాన్ని. ఆ ఊగిసలాటలోనే కొత్తగా నాటిన మొక్కలు మట్టిలోంచి పైకి లేచి, వేళ్లు గాలికి బయటపడతాయి. అలా కనిపిస్తే అరచేత్తో మెల్లగా మట్టిలోకి అదమాలి.

గోనె పట్టా గాలి బాగా కొట్టే మూలలకు పనికొస్తుంది. ఆకులకు తగలకుండా చిన్న పుల్లల మీద కట్టాలి. పెద్ద మడికి అదంతా ఎవరు చేస్తారు? ఆకుల మీద మైనంలా పొర కట్టే స్ప్రేలూ ఉన్నాయి. గడ్డకట్టే చలి లేని పొడి రోజున కొట్టాలి, పొర అరిగిపోతుంది కాబట్టి చలికాలం మధ్యలో మళ్లీ కొట్టాలి. వాటినే నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు.

వసంతంలో కొమ్మలు తీశాక మాడిన మొక్కను వెంటనే పీకేయకండి. కాడను గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే చిగురిస్తుంది.