సిదెమెన్, తెతెబాతు, బోరోబుదూర్: ఇండోనేషియాలో ఏ పల్లె దేనికి మేలు?

"బాలిలో విల్లా, ఏటా ఇంత శాతం రాబడి గ్యారంటీ" అనే ప్రకటనలు ఈమధ్య తెలుగువాళ్ల ఫోన్లలోనూ బాగా కనిపిస్తున్నాయి. ఉబుద్, చంగూ ఎలాగూ ఖరీదైపోయాయి, లోపలి పల్లెల్లో ఏదైనా చూసుకుందామని అడిగేవాళ్లు పెరిగారు. ముందు ఈ ప్రశ్నను మూడుగా విడదీసుకోవాలి: చూసి రావడానికి ఏ పల్లె, కొన్ని నెలలు ఉండడానికి ఏ పల్లె, డబ్బు పెట్టడానికి ఏ పల్లె. మూడింటికీ ఒకే ఊరు సరిపోదు.

నేను పోల్చేవి మూడు చోట్లు. తూర్పు బాలిలో కరంగసెమ్ జిల్లాలోని సిదెమెన్ లోయ, పక్క ద్వీపం లోంబోక్‌లో రింజనీ కొండ దక్షిణ వాలున ఉన్న తెతెబాతు, మధ్య జావాలో బోరోబుదూర్ స్తూపం చుట్టుపక్కల పల్లెలు, ముఖ్యంగా చందిరెజో.

చూసి రావడానికే అయితే నా ఓటు బోరోబుదూర్ పల్లెలకు. తొమ్మిదో శతాబ్దపు స్తూపం పక్కనే ఉంటుంది, యోగ్యకర్త నగరం 40 కిలోమీటర్ల దూరంలో. చందిరెజోలో ఊరివాళ్ల ఇళ్లలోనే దిగొచ్చు. సైకిల్ మీదో గుర్రబ్బండిలోనో చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరగొచ్చు, స్కూటర్ అక్కర్లేదు. స్తూపం పైకి ఇప్పుడు రోజుకు పరిమిత సంఖ్యలోనే పంపుతున్నారు, వాళ్లిచ్చే ప్రత్యేకమైన చెప్పులు వేసుకుని ఎక్కాలి. కాబట్టి టికెట్ ముందే తీసుకోవడం మంచిది. సిదెమెన్ ఇంతకంటే అందంగా ఉంటుంది, కానీ దారులు ఇరుకు, ఎత్తుపల్లాలు ఎక్కువ. స్కూటర్ మీద చెయ్యి తిరగనివాళ్లు అక్కడ కారు మాట్లాడుకోవాల్సిందే. తెతెబాతు కొండలెక్కేవాళ్లకు బాగుంటుంది. ఇండోనేషియా 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాల ఎంపికకు పంపిన పేర్లలో అదీ ఒకటి. 3,726 మీటర్ల రింజనీ శిఖరం దారులు వానల వల్ల జనవరి నుంచి మార్చి దాకా మూసేస్తారు. బాలిలో పదంగ్‌బాయ్ రేవు నుంచి లోంబోక్‌లో లెంబర్‌కు నాలుగైదు గంటల్లో ఫెర్రీ చేరుస్తుంది, కాబట్టి సిదెమెన్, తెతెబాతు ఒకే ప్రయాణంలో చూడొచ్చు.

ఉండడం వేరే సంగతి. వీసా ఆన్ అరైవల్ 5 లక్షల రుపయా, అంటే సుమారు 2,700 రూపాయలు. 30 రోజులిస్తారు, ఒకసారి మరో 30 రోజులు పొడిగిస్తారు. దానిమీద ఉద్యోగం చేయకూడదు. ఇక్కడి కంపెనీకి అక్కడ కూర్చుని పనిచేసే వీసా కావాలంటే ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయం చూపించాలి. మన ఐటీ ఉద్యోగుల్లో చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

నెలల తరబడి ఉండాలంటే నేను సిదెమెన్‌నే ఎంచుకుంటాను. అక్కడ సుబక్ అనే రైతుల నీటి సంఘం ఉంటుంది. కాలువకు అడ్డంగా వేసిన దుంగలో గాడులు చెక్కి ఉంటాయి, ఏ గాడి ఎంత వెడల్పో ఆ వైపు మడులకు అంత నీరు. ఎప్పుడు నాట్లు వేయాలి, ఎప్పుడు నీళ్లు ఆపాలి అన్నది అందరూ కూర్చుని తేల్చుకుంటారు, నీటి గుడిలో పూజ కూడా ఆ నిర్ణయంలో భాగమే. 2012లో యునెస్కో ఈ పద్ధతికే ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. 1997 చట్టంతో మన దగ్గరా సాగునీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి గనుక, గోదావరి, కృష్ణా ఆయకట్టు రైతులకు ఈ ఏర్పాటు చూస్తే వెంటనే అర్థమవుతుంది. మన సంఘాలు ప్రభుత్వ చట్టంతో పుట్టాయి, అక్కడివి వందల ఏళ్లుగా ఊరి ఆచారంలోంచి నడుస్తున్నాయి.

ఆ ఆచారమే ఉండేవాళ్లకు బరువు కూడా. చాలా గుళ్లకు 210 రోజులకొకసారి ఉత్సవం వస్తుంది, ఊళ్లో గుళ్లు చాలా ఉంటాయి. దారులు మూసేస్తారు, పనివాళ్లు రారు. న్యెపీ అనే మౌన పండగ రోజున 24 గంటలు ఎవరూ బయటికి రాకూడదు, దీపం బయటికి కనిపించకూడదు, విమానాశ్రయం కూడా మూసేస్తారు. వాళ్లూ హిందువులే కదా, మన పండగల్లాగే ఉంటుందనుకుని వెళ్తే తికమక పడతారు. దేవుళ్ల పేర్లు తెలిసినవే, పద్ధతులు పూర్తిగా వేరు.

తెతెబాతులో ఖర్చు తక్కువ, గాలి చల్లన, జనం మర్యాదస్తులు. ససక్ ముస్లింల ఊరది. తెల్లవారుజామున అజాన్‌తో నిద్ర లేవాలి. రంజాన్‌లో పగలు నలుగురి ముందు తినకపోవడం, ఒళ్లు కప్పుకునే బట్టలు వేసుకోవడం కనీస మర్యాద. నెల రోజుల ప్రశాంతత కావాలంటే ఇంతకంటే మంచి చోటు కష్టం. వయసు మళ్లిన అమ్మానాన్నలతో ఉండాలంటే మాత్రం పెద్దాసుపత్రుల కోసం బోరోబుదూర్ వైపే వెళ్లండి, యోగ్యకర్త దగ్గర.

శాకాహారులకు ఒక మాట. టెంపే (పులియబెట్టిన సోయా ముద్ద), టోఫు ఎక్కడైనా దొరుకుతాయి, లోంబోక్‌లో తూటికూర వంటకం ప్లెచింగ్ కంగ్‌కుంగ్ చాలా రుచిగా ఉంటుంది. కానీ దానిమీద వేసే సంబల్ అనే మిరప పచ్చడిలో తెరాసీ ఉంటుంది, అంటే రొయ్యల ముద్ద. "తంపా తెరాసీ" అని ముందే చెప్పండి, తెరాసీ వద్దని అర్థం.

భూకంపాలు, అగ్నిపర్వతాలు మూడు చోట్లా ఉన్నాయి. 2018లో లోంబోక్ భూకంపాల్లో 500 మందికి పైగా చనిపోయారు. సిదెమెన్‌కు దగ్గర్లోని అగుంగ్ 2017లో బూడిద కక్కితే బాలి విమానాశ్రయం మూతపడింది. 2010లో మెరాపీ బూడిద బోరోబుదూర్ మీద పడింది. అద్దెకున్నవాళ్లు సంచి సర్దుకుని వచ్చేయగలరు. అక్కడ కట్టుకున్నవాళ్లకు ఆ వీలుండదు.

ఇక డబ్బు. భూమి మీద పెట్టుబడికి ఈ మూడింటిలో ఏదీ మేలు కాదన్నది నా గట్టి అభిప్రాయం. 1960 నాటి అక్కడి భూచట్టం ప్రకారం హక్ మిలిక్, అంటే మన పట్టాలాంటి పూర్తి హక్కు, ఆ దేశ పౌరులకే. స్థానికుడి పేరున కొని లోపల కాగితం రాసుకుందాం అంటారు ఏజెంట్లు. అది అచ్చంగా బినామీ. ఆ బదిలీ చెల్లదనీ, భూమి ప్రభుత్వానికి పోతుందనీ, కట్టిన డబ్బు తిరిగి అడగలేరనీ అదే చట్టంలో 26వ సెక్షన్ చెబుతోంది.

చట్టబద్ధమైన దారుల్లో మొదటిది లీజు. బాలిలో అరే లెక్కన మాట్లాడతారు. ఒక అరే 100 చదరపు మీటర్లు, మన 120 గజాలు. సాధారణంగా 25, 30 ఏళ్ల డబ్బు ఒకేసారి అడుగుతారు. ఏడాది గడిచేకొద్దీ చేతిలో ఉన్నది తరిగిపోతుంది, ఇక్కడి ప్లాటులా దాచుకుంటే పెరిగేది కాదు. రెండోది విదేశీ కంపెనీ పెట్టడం. దానికి భూమి, భవనాలు కాకుండానే 1,000 కోట్ల రుపయాకు పైగా పెట్టుబడి ప్రణాళిక చూపాలి, అంటే మన డబ్బులో ఐదు కోట్లకు పైనే. పల్లెలో నాలుగు గదుల హోంస్టేకు ఇంత ఎవరు పెడతారు? పోనీ మన పేరున చిన్న హోంస్టే లైసెన్సు అడుగుదామంటే అది స్థానికులకే ఇస్తారు. వ్యవసాయ భూమి విషయంలో అక్కడి పౌరులకు కూడా షరతులున్నాయి, భూమి ఉన్న మండలంలో నివాసం ఉండాలన్నది వాటిలో ఒకటి.

లీజుకే వెళ్తానంటే పొలం వద్దు, కట్టి ఉన్న ఇల్లు చూడండి. భూమి గుడిదో ఊరిదో కాదని, కట్టడాలు కూడని పచ్చని జోన్‌లో లేదని, సర్టిఫికెట్ ఉందని నోటరీతో తేల్చుకోండి. ఊరి రిజిస్టరులో పేరుంటే చాలదు. వారసులందరూ సంతకం పెట్టాలి. ఇక్కడి వైపు, విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం ఎల్‌ఆర్‌ఎస్ పరిమితి మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు, 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) కడతారు, రిటర్నులో విదేశీ ఆస్తుల కింద చూపాలి.

పొలం వద్దనడానికి ఇంకో కారణం ఉంది, నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. ఎగువన ఒక మడిని కాంక్రీటు చేస్తే కింద ఉన్నవాళ్ల నీటి దారి తెగుతుంది. మనం ఏ లోయ అందం చూసి వెళ్లామో దాన్నే మన డబ్బు పాడుచేస్తుంది. ఈ పల్లెల్లో పర్యాటకం మీద వచ్చే రాబడి ఆ ఊరివాళ్లది. జావాలో క్లాతెన్ దగ్గర పొంగ్‌గొక్ గ్రామం తన ఊట చెరువును సొంత గ్రామ సంస్థ కింద నడిపి బాగా సంపాదిస్తోంది, బయటి పెట్టుబడిదారుడి అవసరం వాళ్లకు పడలేదు. విల్లా కోసం దాచిన డబ్బు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంచి, దానిమీద వచ్చే వడ్డీతో ఏటా రెండు నెలలు సిదెమెన్‌లో ఒక ఇంటివాళ్లకు అద్దె కట్టి ఉండండి.