లైనక్స్ నెట్‌వర్కింగ్ ఎర్రర్ కోడ్‌లు: ఏళ్ల తరబడి వాడాక

సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. లైనక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) నెట్‌వర్కింగ్ వైపు నుంచి వచ్చే ఎర్రర్ కోడ్‌లతో, అంటే ఏం తప్పు జరిగిందో చెప్పే అంకెలతో, చాలా ఏళ్ల సావాసం. మార్కులు ముందే వేసేస్తాను: టీసీపీ కనెక్షన్ల (రెండు మెషీన్ల మధ్య నడిచే మామూలు కనెక్షన్ల) వరకు ఐదుకి నాలుగు. ఫైర్‌వాల్, రూటింగ్ జోలికి వెళ్తే రెండు ఇవ్వడానికి కూడా చెయ్యి రాదు.

నాలుగు ఎందుకంటే, కనెక్ట్ ఫెయిలైనప్పుడు కోడ్ చూడగానే ఎవరిని నిద్రలేపాలో తెలిసిపోతుంది. 111, అంటే కనెక్షన్ రిఫ్యూజ్డ్ వస్తే చాలావరకు అవతలి మెషీన్ బాగానే ఉంది, ఆ పోర్ట్ మీద ప్రోగ్రామే నడవడం లేదు. అప్లికేషన్ టీమ్‌కి ఫోన్ చెయ్యాలి. 110 టైమౌట్ అయితే మనం పంపినదానికి జవాబే లేదు. దారిలో ప్యాకెట్ (పంపిన డేటా ముక్క) తప్పిపోతోంది, లేదా మెషీనే పడుకుంది. 104, అంటే కనెక్షన్ రీసెట్ అయితే మాట మధ్యలో అవతలివాడు ఫోన్ పెట్టేసినట్టు. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్‌లో సాకెట్లతో (ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారాలతో) పాటు వచ్చిన ఈ విభజన ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. ఒక్క జాగ్రత్త: ఈ అంకెలు లైనక్స్‌వి. అదే రిఫ్యూజ్డ్ మ్యాక్‌లోనూ, ఫ్రీబీఎస్‌డీలోనూ 61. అందుకే లాగ్‌లో అంకెతో పాటు పేరు కూడా రాయించుకోవాలి.

ఫైర్‌వాల్ అడ్డొచ్చిందా, ఇక ఈ లెక్కలన్నీ తారుమారు. లైనక్స్ ఫైర్‌వాల్ రూల్స్ రాసే ఐపీటేబుల్స్‌లో ఉత్త రిజెక్ట్ రూల్ పెడితే అది 'పోర్ట్ అన్‌రీచబుల్' అనే ఐసీఎంపీ (నెట్‌వర్క్ తప్పులు తెలిపే పద్ధతి) సందేశం పంపుతుంది. కెర్నల్ దాన్ని 111గా మార్చి మనకిస్తుంది. ప్రోగ్రామ్ ఆగిపోయినా అదే కోడ్, ఫైర్‌వాల్ తిప్పి పంపినా అదే కోడ్. సెంట్ఒఎస్ 7 అనే లైనక్స్‌లో ఉండే ఫైర్‌వాల్‌డీ అనే ఫైర్‌వాల్ సర్వీస్ ఇంకో రకం. అది 'హోస్ట్ ప్రొహిబిటెడ్' పంపుతుంది, మన స్క్రీన్ మీద మాత్రం 'నో రూట్ టు హోస్ట్' (కోడ్ 113) అని పడుతుంది. పింగ్ (అవతలి మెషీన్ పలుకుతుందా అని చూసే కమాండ్) వెళ్తుంటుంది, రూట్ (ప్యాకెట్ వెళ్లే దారి) నిక్షేపంగా ఉంటుంది, కొత్తగా చేరిన కుర్రాడు రూటింగ్ టేబుల్ ముందేసుకుని గంటసేపు కూర్చుంటాడు. పింగ్ వెళ్తూ ఒక్క పోర్ట్‌కే 113 వస్తుంటే రూట్ సంగతి వదిలేసి ఫైర్‌వాల్ చూడండి.

సొంత మెషీన్‌లోనే అవుట్‌పుట్ చెయిన్‌లో (బయటికెళ్లే ప్యాకెట్లకి వర్తించే రూల్స్ వరుసలో) డ్రాప్ రూల్ ఉంటే ఇంకా తమాషా. రూట్ యూజర్‌గా (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ ఖాతాతో) పింగ్ కొట్టినా 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటుంది. రూట్ యూజర్‌కి లేని పర్మిషన్ ఇంకెవరికుంటుంది! కాన్‌ట్రాక్ టేబుల్ (కెర్నల్ కనెక్షన్లను గుర్తుపెట్టుకునే పట్టిక) నిండిపోయినా ఇదే మాట. డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్ చూపించే కమాండ్‌లో) 'టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్' అన్న లైను కనబడేదాకా ఆ రెండింటికీ తేడా తెలియదు. అదే డ్రాప్ టీసీపీ కనెక్ట్‌కి తగిలితే వెంటనే ఎర్రరే రాదు. మామూలు సెట్టింగుల్లో రెండు నిమిషాల పైచిలుకు ఊరికే తిప్పి, చివరికి 110 చేతిలో పెడుతుంది.

నాకు అన్నిటికన్నా ఒళ్లు మండేది బ్లాక్‌హోల్ రూట్ (ప్యాకెట్లను చడీచప్పుడు లేకుండా పారేసే దారి) దగ్గర. ప్రొహిబిట్ రూట్ పెడితే 'పర్మిషన్ డినైడ్', అన్‌రీచబుల్ పెడితే 'నో రూట్ టు హోస్ట్'. రెండూ సబబే. ఐపీ రూట్ యాడ్ బ్లాక్‌హోల్ 192.0.2.0/24 అని కొట్టి, అందులోని ఏదో ఒక అడ్రస్‌కి పింగ్ చేసి చూడండి. 'ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్' అంటుంది, అంటే కోడ్ 22. ఆ మాట చదివిన ప్రోగ్రామర్ తను పంపిన స్ట్రక్చర్‌లో ఏం తేడా ఉందోనని తన కోడ్‌నే తవ్వుకుంటాడు. వాడి కోడ్‌లో ఏ తప్పూ లేదు, అడ్మిన్ కావాలనే ఆ దారి మూసేశాడు. మాన్యువల్ పేజీలో ఇది రాసే ఉంది, కాబట్టి బగ్ అనడానికీ లేదు.

రూటింగ్ కమాండ్ల విషయానికొస్తే, ఉన్న రూట్‌నే మళ్లీ వేస్తే 'ఫైల్ ఎగ్జిస్ట్స్', లేని రూట్‌ని తీసేయబోతే 'నో సచ్ ప్రాసెస్'. ఇక్కడ ఫైలూ లేదు, ప్రాసెసూ లేదు. వేరే పనికి పుట్టిన కోడ్‌లని తెచ్చి రూట్లకి తగిలించారు. 2017లో 4.12 కెర్నల్‌తో నెట్‌లింక్‌కి (ఈ కమాండ్లు కెర్నల్‌తో మాట్లాడే మార్గానికి) ఎక్స్‌టెండెడ్ యాక్ అనే వివరమైన జవాబు వచ్చాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడు కోడ్‌తో పాటు ఒక వాక్యం కూడా వస్తుంది. మన నెట్‌వర్క్‌లో లేని గేట్‌వే ఇస్తే 'నెక్స్ట్‌హాప్ హ్యాజ్ ఇన్‌వాలిడ్ గేట్‌వే' అని తప్పు ఎక్కడుందో చూపిస్తుంది. ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. అన్నిచోట్లా ఇంకా లేదు, అదొక్కటే వెలితి.

డ్రైవర్లు రాసేవాళ్లతో ఒక చిన్న పేచీ ఉంది. అప్పుడప్పుడు 'అన్‌నోన్ ఎర్రర్ 524' అని వస్తుంటుంది. అది కెర్నల్ లోపలే ఉండాల్సిన కోడ్, సీ లైబ్రరీకి దాని పేరే తెలియదు. ఆ ఫీచర్ లేదని చెప్పడానికి 95 అనే మామూలు కోడ్ ఉండగా దీన్ని బయటికి ఎందుకు వదులుతారో అర్థం కాదు. కెర్నల్‌తో వచ్చే, కోడ్‌లో తప్పులు వెతికే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ కూడా దీన్ని వాడొద్దనే హెచ్చరిస్తుంది.

ఇంత మాట్లాడినా, చాలా అప్లికేషన్లు అసలు కోడ్‌ని మింగేసి 'కనెక్షన్ ఫెయిల్డ్' అని మాత్రమే రాస్తాయి. అలాంటప్పుడు ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏం అడుగుతోందో చూపించే పనిముట్టు) తగిలించి నెట్‌వర్క్ కాల్స్ వరకు చూడండి. నాన్‌బ్లాకింగ్ సాకెట్ (జవాబు కోసం ఆగకుండా ముందుకెళ్లే రకం) అయితే కనెక్ట్ పక్కన 115 కనబడుతుంది. అది 'పని జరుగుతోంది' అని మాత్రమే. అసలు కారణం తర్వాత వచ్చే గెట్‌సాక్‌ఆప్ట్ (సాకెట్ పరిస్థితి అడిగే కాల్) లైన్లో ఉంటుంది.