పుల్లీ మీద తెల్ల గీతను నమ్మి ఇంజిన్ పోగొట్టుకున్నాను, మీరు జాగ్రత్త

డాలస్ చుట్టుపక్కల పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఉన్న తెలుగువాళ్లందరూ దయచేసి ఇది చదవండి. రీబిల్ట్ ఇంజిన్లు అమ్మే మనవాడు ఎవరో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. ఆయన దగ్గర ఇంజిన్ కొన్నవాళ్లు ఈరోజే క్రాంక్ పుల్లీ (ఇంజిన్‌తో పాటు తిరుగుతూ ఫ్యాన్ బెల్ట్‌ను తిప్పే చక్రం) చూసుకోండి. నా ఇంజిన్ మొన్న శనివారం పోయింది. 3,200 డాలర్లు పెట్టి కొన్నాను. తిరిగింది 410 మైళ్లు.

నాది 1970 బీటిల్. మే నెలలో 1600 సీసీ ఇంజిన్ తీసుకున్నాను. బిగించడానికి ఆయనే వచ్చాడు, మా ఇంట్లోనే భోంచేశాడు. వెళ్లేముందు పుల్లీ అంచున ఒక గాటు, దాని మీద తెల్ల పెయింట్ చూపించాడు. "అన్నా, టీడీసీ మార్క్ నేనే కొలిచి పెట్టాను. 300 మైళ్లు తిరిగాక పాయింట్లు సరిచేసి, దీన్ని పట్టుకుని టైమింగ్ పెట్టుకో. కళ్లు మూసుకుని పెట్టుకో" అన్నాడు.

టీడీసీ అంటే పిస్టన్ సిలిండర్ చివరికంటా చేరే స్థానం. దానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్‌లో నిప్పురవ్వ పడాలన్నదే టైమింగ్. ఆ నిప్పురవ్వను రప్పించే చిన్న స్విచ్ పాయింట్లు, అవి డిస్ట్రిబ్యూటర్ లోపల ఉంటాయి. కొత్త పాయింట్లు అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి జరుగుతుంది. కాబట్టి ఆ సలహాలో తప్పేమీ లేదు. చెప్పినట్టే చేశాను. వాల్వుల గ్యాప్ 0.15 మిల్లీమీటర్లు, పాయింట్ల గ్యాప్ 0.4. వాక్యూమ్ గొట్టం తీసి మూశాను. టైమింగ్ లైట్ డయల్ 30 డిగ్రీల మీద పెట్టి, ఇంజిన్‌ను 3,500 ఆర్‌పీఎం దాకా లేపి, డిస్ట్రిబ్యూటర్ తిప్పుతూ ఆ తెల్ల గీతను క్రాంక్‌కేస్ అతుకు (ఇంజిన్ పెట్టె రెండు సగాలు కలిసే గీత) దగ్గరికి తెచ్చి క్లాంప్ బిగించాను. ఈ ఇంజిన్లకు 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండాలి కదా, అంతా సరిగ్గా ఉందనుకున్నాను. బండి కూడా మంచి హుషారుగా లాగింది.

శనివారం పాపను తీసుకుని వేకో వైపు బయల్దేరాను. 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. గంట గడిచాక ఒక్కసారిగా లాగడం మానేసింది, వెనక నుంచి నీలం పొగ. షోల్డర్ మీద టో ట్రక్ కోసం గంటన్నర నిలబడ్డాం. తొమ్మిదేళ్ల పిల్ల "నాన్నా, మన బండి చచ్చిపోయిందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కంప్రెషన్ చూస్తే మూడు సిలిండర్లలో 120 పీఎస్ఐ పైన ఉంది, మూడో నంబర్‌లో 35. మెకానిక్ హెడ్ విప్పితే పిస్టన్ అంచు కరిగి తినేసినట్టు ఉంది. పాత ష్రౌడ్‌లో (ఫ్యాన్ గాలిని సిలిండర్లకు మళ్లించే రేకు తొడుగు) ఆయిల్ కూలర్ అడ్డం ఉంటుంది కాబట్టి మూడో సిలిండర్‌కు గాలి తక్కువ, వేడెక్కితే ముందు పోయేది అదే. కానీ ఇంత వేడి ఎందుకొచ్చింది? ఆ మెకానిక్ పెద్దాయన ఒకటో సిలిండర్ ప్లగ్ తీసి పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ను దారిలో ఆపే బోల్టు లాంటి పనిముట్టు) పెట్టి అసలు టీడీసీ వెతికాడు. తెల్ల గీత దానికి 10 డిగ్రీలు ముందుంది. నేను 30 అనుకుని పెట్టింది నిజానికి 40. నిప్పురవ్వ అంత ముందే పడితే ఇంజిన్ నాకింగ్ చేసి వేడెక్కిపోతుంది.

తర్వాత గోరుతో ఆ పెయింట్ గీకాను. కింద గాటు ఫ్యాక్టరీది కాదు. ఆకురాయితో రుద్దింది, ఒక పక్క లోతుగా, ఒక పక్క పైపైన, అంచున లోహం ఇంకా పొట్టులా లేచి ఉంది. మే నెలలోనే అది నా వేలికి గుచ్చుకుంది. చూసి కూడా వదిలేశాను, ఆ తప్పు నాదే.

ఆదివారం ఫోన్ చేశాను. డబ్బు అడగలేదు, ముందు విషయం చెప్పాను, ఫొటోలు పంపాను. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత "క్లాంప్ లూజ్ చేసింది మీరా, కాదా?" అన్నాడు. నేనే అన్నాను, నువ్వే కదా చెప్పావు అన్నాను. "మీరు డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యి పెట్టాక అది నా ఇంజిన్ కాదు సర్" అన్నాడు.

సర్ అన్నాడు. మా ఆవిడ చేతి పప్పుచారు రెండోసారి వడ్డించుకుని తిన్నవాడు, నాలుగు నెలలు అన్నా అన్నా అని పిలిచినవాడు, సర్ అని ఫోన్ పెట్టేశాడు. ఆ గాటు నువ్వు పెట్టిందేనా అని అడిగే అవకాశం కూడా ఇవ్వలేదు. ఇప్పుడు నంబర్ బ్లాక్ చేశాడు. డబ్బు సంగతి తర్వాత, ఆ ఒక్క మాట నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. తప్పయింది అన్నా అని ఉంటే సగం ఖర్చు నేనే భరించేవాణ్ణి.

ఈ ఇంజిన్లలో ఫ్యాన్ హోరుకు నాకింగ్ (ఇంధనం అడ్డదిడ్డంగా పేలే టకటక చప్పుడు) చెవికి వినపడదు. బాగా లాగుతోంది కదా అని ధైర్యంగా ఉండకండి. పిస్టన్ స్టాప్ 15 డాలర్లకు వస్తుంది. ప్లగ్గులన్నీ తీసేయండి, ఒకటో సిలిండర్‌లో అది బిగించండి, ఇంజిన్‌ను చేత్తోనే మెల్లగా తిప్పండి, స్టార్టర్ అస్సలు వాడొద్దు. పిస్టన్ తగిలిన చోట, అతుకు ఎదురుగా పుల్లీ మీద ఒక గీత పెట్టండి. వెనక్కి తిప్పి మళ్లీ తగిలిన చోట ఇంకొకటి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉన్నదే మీ టీడీసీ. ఆయన పెట్టిన గీత అక్కడ లేకపోతే బండి బయటికి తీయకండి, ఫొటో తీసి నాకు పంపండి.